ముందు గీత గీయండి: ఫోన్‌లో లెక్కలు చెప్పిన ఏడాది

2020 మార్చి 21, శనివారం. టెన్త్ హిందీ పరీక్ష అయిపోయింది. సెంటర్ గేటు బయట మా బడి పిల్లలు నన్ను చుట్టుముట్టి అడిగింది ఒక్కటే. “మేడం, లెక్కల పరీక్ష ఎప్పుడు పెడతరు?”

తెలుగు రెండు పేపర్లు, హిందీ మాత్రమే జరిగాయి. సోమవారం నుంచి ఉన్న పరీక్షలు వాయిదా వేయమని హైకోర్టు ముందురోజే చెప్పింది. బడులకు 31వ తేదీ వరకే సెలవులన్నారు కాబట్టి నేనూ అదే లెక్కలో ఉన్నాను. “ఏప్రిల్‌లో ఉంటుంది, త్రికోణమితి పట్టిక రోజుకొకసారి రాయండి, మరిచిపోతారు” అని చెప్పి స్కూటీ తీశాను. మర్నాడు జనతా కర్ఫ్యూ. ఆ వారంలోనే లాక్‌డౌన్. ఆ పిల్లలు లెక్కల పరీక్ష రాయనే లేదు. జూన్ 8న మిగతా పరీక్షలన్నీ రద్దు చేశారు. అంతకుముందు బడిలో పెట్టిన ఇంటర్నల్ మార్కులను బట్టి రాష్ట్రంలో 5 లక్షల 34 వేల మందికి పైగా పాసయ్యారు. ఫోన్ చేసి చెబితే కొందరు ఎగిరి గంతేశారు. కొందరు “అయితే ఇంక పుస్తకాలు ఏం జేయాలె మేడం” అన్నారు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా ఊరి బడి అచ్చంపేట దాటాక, నల్లమల అడవి మొదలయ్యే వైపు ఉంటుంది. ఊరి పిల్లలతో పాటు చుట్టుపక్కల రెండు తండాల పిల్లలు వస్తారు. తల్లిదండ్రుల్లో ఎక్కువ మంది పత్తి, వేరుశనగ వేసే చిన్న రైతులు, కూలీలు, హైదరాబాద్‌కు మేస్త్రీ పనులకు పోయేవాళ్లు. ఆ పిల్లల తర్వాత, 2020-21లో, టెన్త్‌లో మాకు 31 మంది. వాళ్ల గురించే రాస్తున్నాను, ముఖ్యంగా వాళ్లలో ఐదుగురి గురించి.

ఆగస్టు 27న టీచర్లమంతా బడికి రావాలని ఆర్డర్ వచ్చింది. ఐదు నెలల తర్వాత తాళం తీస్తే వరండా నిండా గబ్బిలాల రెట్ట, ఆవరణలో మోకాళ్ల ఎత్తు గడ్డి. నా క్లాసు బోర్డు మీద మార్చి నెలలో నేను రాసిన తేదీ అలాగే ఉంది. దాన్ని చెరపడానికి కాసేపు చెయ్యి రాలేదు. సెప్టెంబర్ 1 నుంచి మూడో తరగతి మొదలు టెన్త్ దాకా పాఠాలు టీవీలో వస్తాయన్నారు, దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్ విద్య చానల్లో. మేం చేయాల్సింది పిల్లలు పాఠాలు చూసేలా చూడడం, వర్క్‌షీట్లు ఇవ్వడం, ఫోన్లో సందేహాలు తీర్చడం. టీవీ లేని పిల్లలను పక్కింటి పిల్లలతోనో, గ్రామపంచాయతీలో ఉన్న టీవీతోనో కలపాలి. పిల్లలను మా మధ్య పంచుకున్నాం. టెన్త్ నాకు వచ్చింది.

అంతకన్నా ముందు లెక్క తీయాలి. ఇంట్లో టీవీ ఉన్నవాళ్లెందరు, స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లెందరు, ఏదీ లేనివాళ్లెందరు. నేనూ, సోషల్ సార్ ఇంటింటికీ తిరిగాం. కొత్త పాఠ్యపుస్తకాలు సంచుల్లో వేసుకుని పోయాం, ఒకే తిరుగుడులో రెండు పనులూ అవుతాయని. 31 మందిలో 25 ఇళ్లల్లో టీవీ ఉంది. స్మార్ట్‌ఫోన్ 14 ఇళ్లల్లో. ఆ కాగితం చూసి హెచ్.ఎం. సార్ “పర్వాలేదమ్మా, మనది చాలా నయం” అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

ఆ 25 అనే అంకె వెనక ఏముందో మూడు వారాలకు గాని నాకు తెలియలేదు. టీవీ ఉన్న ఇంట్లో డిష్ రీచార్జి అయిపోయి ఉంటుంది. రీచార్జి ఉన్న ఇంట్లో అదే టైముకు కరెంటు పోతుంది. కరెంటున్న ఇంట్లో ముగ్గురు పిల్లలు మూడు తరగతులు, మధ్యలో నానమ్మ సీరియల్. స్మార్ట్‌ఫోన్ ఉన్న నాయిన పొద్దున ఆరింటికే దాన్ని జేబులో వేసుకుని పనికి పోతాడు. ఇవన్నీ తప్పులు కావు. ఇల్లంటే అంతే. కానీ మేం నింపాల్సిన ఫారంలో వీటికి గడి లేదు. రోజూ సాయంత్రం “ఈరోజు పాఠం చూసినవారు” అన్న చోట సంఖ్య రాసి పంపేవాళ్లం. పిల్లాడు చూశానంటే చూసినట్టే.

టీవీలో చెప్పిన టీచర్లను నేను ఒక్క మాట అనను. మాలాంటి ప్రభుత్వ టీచర్లే వాళ్లు. చాలా బాగా చెప్పారు, వాళ్ల పాఠాలు చూసి నేనూ నేర్చుకున్నాను. చిక్కు వేరే చోట ఉంది. నాకది ఒక నోట్‌బుక్‌లో దొరికింది.

సెప్టెంబర్ మూడో వారంలో తండాకు పోయాను, నోట్సులు చూద్దామని. ఒక అమ్మాయి, తొమ్మిదిలో చురుగ్గా ఉన్న పిల్ల, వేపచెట్టు కింద మంచం మీద కూర్చోబెట్టి నోట్‌బుక్ తెచ్చి ఇచ్చింది. అట్ట చుట్టూ పాత క్యాలెండర్ కాగితం, లోపల ముచ్చటైన రాత. తేదీలన్నీ ఉన్నాయి, ఒక్క రోజు కూడా మానలేదు. ఎంత సంతోషపడ్డానో! పేజీలు తిప్పుతూ పోతే ఏదో తేడా అనిపించింది. ప్రతి లెక్కా మూడో వరుస దగ్గర ఆగిపోయింది. “ఇచ్చిన సమీకరణం”, దాని కింద ఒక వరుస, ఇంకో వరుస, తర్వాత ఖాళీ. ఆ ఖాళీ కూడా కొలిచినట్టు వదిలింది, నాలుగు గీతలు. తర్వాత రాసుకుందామని పెట్టుకున్న జాగా అది. అలాంటి లెక్కలు పదిహేడు. అన్నీ సగం.

“ఇదేందమ్మా?” అన్నాను.

“రాస్తుండంగనే పోయింది మేడం. నేను మూడోది రాసేసరికి వాళ్లు ఇంకో లెక్క పెట్టిన్రు.”

“మరి అడగొచ్చు కదా నన్ను?”

తల వంచుకుని నవ్వింది. “ఎన్నని అడగాలె మేడం.”

బోర్డు దగ్గర నిలబడ్డ టీచరుకు కళ్లు ఎక్కడుంటాయంటే, బోర్డు మీద సగం, పెన్నుల మీద సగం. నలభై పెన్నులు ఆగాక కదా చెరిపేది! వెనక బెంచీలో ఒకడు ఇంకా రాస్తుంటే డస్టరు చేతిలో పట్టుకుని ఆగుతాం. అది బోధన అని ఎవరూ చెప్పలేదు, ట్రైనింగుల్లో లేదు. పద్నాలుగేళ్లుగా చేస్తున్న పనే అయినా, ఆ పదిహేడు సగం లెక్కలు చూసేదాకా అది నేను చేస్తున్నానని నాకే తెలియదు. టీవీకి ఆ ఆగడం లేదు. ఆ రోజు ఇంటికి వచ్చేసరికి మా బాబు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. వాడు ఏడో తరగతి, పట్నంలో ప్రైవేటు బడి. వాళ్ల టీచరు స్క్రీన్ మీద “అందరిదీ అయిందా?” అని అడుగుతోంది. చెయ్యెత్తిన పిల్లల కోసం ఆగింది. నా బిడ్డకు దొరుకుతున్న ఆ ఒక్క నిమిషం నా పిల్లలకు దొరకట్లేదని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదట చేసిన పని సులువైనదే. ప్రతి వారం ఆ వారపు లెక్కలన్నీ చివరి వరుస దాకా చార్టుల మీద రాసి, ఊళ్లో కిరాణా కొట్టు గోడకు ఒకటి, తండాలో ఒకటి అంటించాను. పిల్లలు సరుకులకు వచ్చినప్పుడు రాసుకునేవాళ్లు. నోట్‌బుక్కులు కొట్లో ఇచ్చి పోతే నేను తీసుకుని దిద్ది మళ్లీ అక్కడే పెట్టేదాన్ని. కొట్టు శేటు బియ్యం బస్తాల పక్కన వాటికొక అట్టపెట్టె కేటాయించాడు. పల్లీల వాసన, చింతపండు వాసన పట్టిన ఆ నోట్‌బుక్కులు నా టేబుల్ మీద వారం వారం ఉండేవి. వర్క్‌షీట్లు పీడీఎఫ్‌లుగా వచ్చేవి. టీచర్లం తలా కొంత వేసుకుని జిరాక్స్ తీయించాం.

చార్టు చూసి రాసుకున్నారు సరే, అర్థమైందా? ఆ సంగతి తెలియడానికే ఫోన్ మొదలుపెట్టాను.

స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలు 17 మంది. దాదాపు అందరి ఇళ్లల్లో చిన్న కీప్యాడ్ ఫోన్ ఉంది. నా ఫోన్ నుంచి ఒకరికి కాల్ చేసి, ఇంకొకరిని కలుపుకుంటూ పోతే ఐదుగురి దాకా కలిశారు. ఆరో మనిషిని కలపబోతే ఆ బటన్ పని చేయలేదు. అందుకే ఐదుగురు. ఫోన్ ఇంటికి చేరేది నాయిన పొలం నుంచి వచ్చాకే. అన్నం తిని పిల్లలు కూర్చునేసరికి రాత్రి ఎనిమిది. రోజుకొక జట్టు. మంగళవారం, శుక్రవారం వచ్చే జట్టులో ఆ సగం లెక్కల అమ్మాయి, అదే తండా నుంచి ఇంకో అమ్మాయి, ఊళ్లో ఇద్దరు అబ్బాయిలు. ఐదో అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చింది. వాళ్ల నాయిన అక్కడ సెంట్రింగ్ పని చేసేవాడు. లాక్‌డౌన్‌లో పని పోయి ఊరికి వచ్చేశారు. అక్కడి ప్రైవేటు స్కూలు వాళ్లు పాత ఫీజు కట్టందే టీసీ ఇవ్వమన్నారు. హెచ్.ఎం. సార్ నాలుగైదుసార్లు మాట్లాడి, చివరికి వాళ్ల మేనమామ సగం కట్టాక ఇచ్చారు. ఆ అమ్మాయిని నేను చూడలేదు. మాస్కులో ఒక్కసారి వచ్చి పుస్తకాలు తీసుకుని పోయిందట, ఆ రోజు నేను తండాలో ఉన్నాను. నాకు ఆమె గొంతే తెలుసు.

మొదటి రాత్రి వర్గ సమీకరణాలు. సూత్రం చెప్పాను, క్లాసులో ఎన్నో ఏళ్లుగా చెబుతున్నట్టే: “ఎక్స్ ఈజ్ ఈక్వల్ టూ మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్, రూట్ కింద బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, మొత్తం బై టూ ఏ.” రాసుకున్నారు. చదివి వినిపించమంటే గడగడా చదివారు, ఒక్క అక్షరం తప్పు లేదు. సరే, ఎక్స్ స్క్వేర్ మైనస్ ఏడు ఎక్స్ ప్లస్ పన్నెండు సున్నాకు సమానం, చేయండి అన్నాను. ఫోన్లో నిశ్శబ్దం. పెన్నుల గీరుడు, ఎవరింట్లోనో కుక్క, ఎక్కడో బర్రె. తర్వాత ఒక్కొక్కరే జవాబు చెప్పారు.

ముగ్గురు చెప్పింది ఏడున్నర, ఆరున్నర. జవాబు నాలుగు, మూడు.

ఒకరు తప్పు చేస్తే ఆ పిల్లదనుకుంటాం. ముగ్గురు ఒకే తప్పు చేస్తే అది చెప్పినవాళ్లది. కాసేపు ఆలోచిస్తే దొరికింది. వాళ్లు కాగితం మీద అడ్డగీతను రూట్ కిందే గీశారు. మైనస్ బి దానికి ఎడమ పక్కన ఒంటరిగా నిలబడింది. ఏడు అలాగే ఉండి, దానికి రూట్ ఒకటి బై రెండు మాత్రం ఒకసారి కలిసింది, ఒకసారి పోయింది. ఏడున్నర, ఆరున్నర. నేను “మొత్తం బై టూ ఏ” అన్నప్పుడు ఆ “మొత్తం” ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది నా మాటలో లేదు. బోర్డు మీద నా చెయ్యి చెప్పేది దాన్ని. ఇన్నేళ్లూ సగం పాఠం నా నోరు చెబితే, సగం నా చెయ్యి చెప్పిందన్నమాట.

“అందరూ కొత్త పేజీ తీయండి” అన్నాను. “ఏం రాయొద్దు. ముందు గీత గీయండి. అడ్డంగా, మీ చూపుడు వేలంత పొడుగు. గీశారా? ఇప్పుడు గీత కింద, నడుమ, టూ ఏ రాయండి. ఇక గీత కింద ఏం రాయొద్దు. పెన్ను గీత పైకి తీసుకురండి. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి మైనస్ బి...”

ఐదుగురికీ నాలుగు, మూడు వచ్చాయి. వచ్చాయని ఊరుకోలేదు. మూడును ఎక్స్ చోట పెట్టి చూడండి అన్నాను. తొమ్మిది, మైనస్ ఇరవై ఒకటి, ప్లస్ పన్నెండు. “సున్నా వచ్చింది మేడం!” అని తండా అమ్మాయి అరిచిన అరుపుకు వాళ్ల అమ్మ ఏమైందోనని వచ్చింది. “ఏం లేదే, సున్నా వచ్చింది” అంటోంది ఆ పిల్ల. వాళ్ల ఇంట్లో అందరూ నవ్వడం వినపడింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో అనిపించింది నాకు.

ఆ రాత్రి నుంచి నేను లెక్కలు చెప్పే భాషే మారిపోయింది. భిన్నం అంటే “ముందు గీత, పైన మూడు, కింద ఐదు.” బ్రాకెట్ తెరిచినప్పుడు “తలుపు తీశాను” అనేదాన్ని, మూసినప్పుడు “వేశాను”. మైనస్ తలుపు బయట ఉందా లోపల ఉందా అని వాళ్లే అడగడం మొదలుపెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి తొమ్మిదిదాకా ఇంగ్లీషు మీడియం. వర్గ సమీకరణం అంటే ఆమెకు కొత్త, క్వాడ్రాటిక్ ఈక్వేషన్ అంటే మిగతా నలుగురికి కొత్త. రెండూ చెప్పేదాన్ని. కొన్నాళ్లకు నేను ఒకటి చెబితే రెండోది వాళ్లలో వాళ్లే అందించుకున్నారు. “శ్రేఢి అంటే ప్రోగ్రెషన్ అక్కా” అని చిన్నవాడు ఆమెకు చెప్పేవాడు. ఇద్దరిదీ ఒకే తరగతి అయినా అక్కా అని పిలిచేవాడు, ఎందుకో.

ఒక సంగతి నేను ఊహించలేదు. గొంతు వింటే అర్థమైందో లేదో తెలుస్తుంది. “అర్థమైంది మేడం” అన్న మాట రెండు రకాలు. త్వరగా వచ్చేది ఒకటి, అది అబద్ధం. నన్ను బాధపెట్టకూడదని, లేదా తొందరగా వదిలించుకుందామని. ఇంకోటి కొంచెం ఆగి, “ఆఁ...” అని సాగదీసి వస్తుంది. అది నిజం. క్లాసులో నలభై మంది ఒక్కసారిగా “యెస్ మేడం” అన్నప్పుడు ఈ తేడా నాకెప్పుడూ వినపడలేదు.

ఫోన్ చాలని చోట్లు కూడా వచ్చాయి. సరూప త్రిభుజాలు చెప్పలేకపోయాను. మూడు రాత్రులు ప్రయత్నించి వదిలేశాను. ఏ భుజం దేనికి అనురూపమో చూపించకుండా చెప్పడం నా వల్ల కాలేదు. వాటికి ఆదివారాలు హనుమాన్ గుడి అరుగు మీద కూర్చున్నాం, మాస్కులతో, దూరం దూరంగా, ఒక్కసారికి పది మందికి మించకుండా. పిల్లల్ని గుమిగూడనివ్వొద్దని నియమం ఉంది, నాకూ భయం ఉంది. మా అత్తమ్మకు షుగర్. ఇంటికి పోగానే బావి దగ్గరే స్నానం చేసి లోపలికి పోయేదాన్ని. నేను చేసింది పూర్తిగా సరైనదని ఇప్పటికీ చెప్పలేను. ఎవరికీ ఏమీ కాలేదు, అంతవరకు దేవుడి దయ.

స్పర్శరేఖలు మాత్రం ఫోన్లోనే కుదిరాయి. అమ్మాయిలను చేతి గాజు తీసి నోట్‌బుక్ మీద పెట్టమన్నాను. అబ్బాయిలు అమ్మ గాజు తెచ్చుకున్నారు. చీపురు పుల్ల తీసుకుని బయటి నుంచి మెల్లగా జరుపుతూ గాజుకు ఆనించమన్నాను. “ఎన్ని చోట్ల తగిలింది?” “ఒక్క దగ్గర మేడం.” “అది స్పర్శరేఖ. ఇప్పుడు గాజు కిందికి ఇంకొంచెం నెట్టండి. అంచును ఎన్ని చోట్ల దాటింది?” “రెండు.” “అది ఛేదనరేఖ.” గాజు చుట్టూ పెన్సిల్‌తో గీసుకుని కేంద్రం ఎలా కనుక్కోవాలో ఇంకో రాత్రి. ఒక అబ్బాయి మరుసటి వారం చెప్పాడు, ఎడ్లబండి చక్రం నేలకు తగిలేది కూడా ఒక్క దగ్గరే కదా మేడం, నేల స్పర్శరేఖ అయితది కదా అని. నేను అడగలేదు, వాడికే తోచింది. అది ఎక్కడో రాసిపెట్టుకున్నాను కూడా.

దసరా నుంచి పత్తి ఏరుడు మొదలైంది. కిలోకింత అని కూలి. ఇంట్లో ఒక చెయ్యి ఎక్కువుంటే అన్ని కిలోలు ఎక్కువ. బడి ఉంటే పిల్లలు బడికి పోయారని తల్లిదండ్రులు సరిపెట్టుకునేవాళ్లు. బడే లేనప్పుడు టీవీ చూడ్డానికి పిల్లని ఇంట్లో ఎందుకు కూర్చోబెడతారు? నవంబరులో మా 31 మందిలో సగానికి పైగా చేలల్లో ఉన్నారు. ఎనిమిదింటికి కాల్ కలిపితే మాట మధ్యలోనే గొంతు తూలిపోయేది, నిద్ర. కాల్ తెల్లవారుజామున ఐదింటికి మార్చాను. చలిలో, పొయ్యి దగ్గర కూర్చుని చేసేవాళ్లు లెక్కలు. పత్తికాయల మొనలు గీరి వేళ్ల నిండా గాట్లు, పెన్ను పట్టుకుంటే మండుతుందని సగం లెక్కల అమ్మాయి చెప్పింది, ఫిర్యాదులా కాదు, రాత బాగా లేదు ఏమనుకోవద్దని చెప్పడానికి.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయికి ఆ డిసెంబరులో పెళ్లి చేశారు. మాకు తెలిసేసరికి అయిపోయింది. ఆ పిల్ల సోషల్ సార్ జాబితాలో ఉండేది. వారం వారం ఫోన్ ఎత్తింది, పాఠాలు చూస్తున్నానని చెప్పింది. సార్ చాలా రోజులు ఎవరితో మాట్లాడలేదు. రోజూ బెంచీలో కనపడే పిల్ల రెండు రోజులు రాకపోతే పక్క పిల్లలు చెప్పేవాళ్లు, మేడం ఆమెకు పెండ్లి మాటలు నడుస్తున్నయి అని. మేం పోయి మాట్లాడేవాళ్లం, కొన్ని ఆగాయి కూడా. బడి మూతపడ్డప్పుడు లెక్కలు, సైన్సు కన్నా ముందు పోయింది ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను. ఏ చానల్ దాన్ని తిరిగి ఇవ్వలేదు. మాకు సైన్సు చెప్పే విద్యా వాలంటీరును కూడా ఆ ఏడాది కొనసాగించలేదు. ఆ అబ్బాయి ఉపాధి హామీ పనికి పోయాడు, ఆ పని మధ్యలోనూ పిల్లలు ఫోన్ చేస్తే పాఠం చెప్పాడు, జీతం లేకుండా.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. తల్లిదండ్రుల అంగీకార పత్రం ఉండాలి, గదికి ఇరవై మందే. పొద్దున గేటు దగ్గర థర్మామీటర్ పట్టుకుని నిలబడ్డాను. ఒక పొడవాటి అమ్మాయి, మాస్కులో, కొత్త ముఖం. “గుడ్ మార్నింగ్ మేడం” అంది. ఆ రెండు మాటలకే పట్టేశాను, హైదరాబాద్ అమ్మాయి! నాలుగు నెలలకు పైగా మాట్లాడుకున్న మనుషులం, మొదటిసారి చూసుకున్నాం. ఆమె కళ్లల్లో నీళ్లు. నాకూ అంతే.

బడి ఏడు వారాలకు పైగా నడిచింది. మొదటి వారం పాఠం చెప్పలేదు, పిల్లలు మాట్లాడుతుంటే విన్నాం. తర్వాత సిలబస్‌లో ఉంచిన పాఠాలను మొదటి నుంచి తిరగేయడం మొదలుపెట్టాను. ఫోన్ జట్ల పిల్లలు బోర్డు వైపు చూడకుండా నేను చెబుతుంటే రాసేవాళ్లు, తలెత్తాలని మరిచిపోయి. మార్చి 24న మళ్లీ మూశారు. ఏప్రిల్ 15న టెన్త్ పరీక్షలు రద్దన్నారు. ఆ తర్వాతి రెండు నెలల గురించి ఎక్కువ రాయలేను. మా ఐదుగురిలో ఒక అబ్బాయి వాళ్ల నాయిన మే నెలలో పోయాడు. జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయేలోపే. ఆ ఇంటి ఫోన్ నంబరే మా పాఠం నంబరు. చేయడానికి ధైర్యం చాలక వాళ్ల పక్కింటికి చేశాను.

మే 21న ఫలితాలు. బడిలో పెట్టిన మొదటి ఇంటర్నల్ పరీక్ష, ఎఫ్.ఏ. వన్ మార్కులను బట్టి 5 లక్షల 21 వేల మందికి గ్రేడ్లు ఇచ్చారు. అందులో 2 లక్షల 10 వేల మందికి పైగా పదికి పది. మా సగం లెక్కల అమ్మాయికీ పదికి పదే. తండాలో మిఠాయి పంచారట. నాకు ఫోన్ చేసింది. సంతోషం చెప్పి, కాసేపు ఆగి అడిగింది.

“మేడం, ఇవి నా మార్కులేనా?”

“నీవే కదమ్మా.”

“పరీక్ష రాయలే కదా. నాకు ఎంత వచ్చేదో నాకెట్ల తెలుస్తది?”

పదిహేడు లెక్కల కింద నాలుగు గీతల ఖాళీ వదిలిన పిల్ల అది. ఈ ఖాళీ కూడా అలాగే వదిలింది, ఎప్పుడో నింపుకుందామని. జూలైలో టీసీలు, మెమోల కోసం వస్తారు కదా, అప్పుడు రాద్దువు గాని అన్నాను. మాట వరసకు అన్నాననుకుంటుందేమోనని ఆ రాత్రే కూర్చుని 80 మార్కుల పేపర్ తయారుచేశాను. హెచ్.ఎం. సార్‌ను అడిగితే “వరండాలో దూరం దూరం కూర్చోబెట్టు, నేనే బెల్లు కొడతా” అన్నారు.

ఆమెతో పాటు ఇంకెవరైనా వస్తారేమో అనుకున్నాను. ఏడుగురు వచ్చారు. నాయిన పోయిన అబ్బాయి కూడా వచ్చాడు, గుండుతో. మూడు గంటలు రాశారు. నడుమ వాన పడితే బల్లలు గోడ వైపు జరుపుకుని రాశారు. ఎవరూ ఎవరి పేపరూ చూడలేదు. చూసి ఎవరికి ఏం లాభం! మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు తినేలోపు నేను ఎర్ర పెన్నుతో దిద్దాను. ఆమెకు 80కి 58.

వర్గ సమీకరణం లెక్క దగ్గర పేపర్ మార్జిన్‌లో పెన్సిల్‌తో గీసిన ఒక చిన్న అడ్డగీత ఉంది, చూపుడు వేలంత. దాని పైనా కిందా ఏమీ లేదు. అది కొలత కోసం గీసుకున్నది. లెక్క కరెక్టు. ఆమె పేపర్ తీసుకుని తన మార్కులు చూసుకోలేదు ముందు, పోయిన 22 ఎక్కడెక్కడ పోయాయో చూసుకుంది. త్రికోణమితి అనువర్తనాల్లో బొమ్మ తప్పు వేసింది. కోణం పైనుంచి కొలవాల్సింది కింది నుంచి కొలిచింది.

“ఇది ఫోన్ల చెప్పలేదు కదా మేడం మీరు” అంది.

“లేదు. మార్చిలో బోర్డు మీద చెప్పాలనుకున్నాను. ఇంతలో మూశారు.”

“ఇప్పుడు చెప్తరా?”

బడి బస్సులేవీ లేవు, వాళ్ల నాయిన గేటు బయట బైకు మీద ఎదురుచూస్తున్నాడు. లోపలికి రమ్మని సైగ చేశాను. వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నాడు. చాక్‌పీస్ తీసుకుని బోర్డు మీద ముందు నేల గీత గీశాను.